పొరుగమ్మ అడిగిన ఏడు ప్రశ్నలు



చరిత్ర అనగానే పట్టాభిషేకాలు, దండయాత్రలు, శాసనాలు మనసులో మెదలడం మనకు బడిలో అబ్బిన అలవాటు. ఆ అలవాటును తెలుగునాట గట్టిగా కదిలించినవారు సురవరం ప్రతాపరెడ్డిగారు. 1949లో వెలువడిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో వారు మన పూర్వులు ఏమి తిన్నారు, ఏమి కట్టుకున్నారు, ఏ ఆటలాడారు, ఏ వృత్తులు చేశారు అన్న సంగతులను కావ్యాలలోనుంచి ఏరి కూర్చారు. 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ తెలుగుకు ఇచ్చిన తొలి బహుమతి ఆ గ్రంథానికే దక్కింది. క్రీడాభిరామంలో ఓరుగల్లు వీధులు కనిపిస్తాయి. అయ్యలరాజు నారాయణామాత్యుని హంసవింశతి వృత్తుల పేర్లకూ పనిముట్ల పేర్లకూ గని. పండిత శిక్షణ పొందే రోజులలో ఆ పదాల పట్టికలను నిఘంటువు పక్కన పెట్టుకుని కుస్తీ పట్టినవాడిని కనుక, వాటి విలువ నాకు తెలుసు.

అయితే, ఎన్నిసార్లు చదివినా నాకొక వెలితి తోచేది. మగ్గానికి పేరుంది, కొలిమికి పేరుంది, సారెకు పేరుంది. వీధిలోకి వచ్చి అమ్ముడుపోయే ప్రతి వస్తువుకూ దాన్ని చేసేవారికీ గ్రంథాలలో కాస్తో కూస్తో చోటుంది. మధ్యాహ్నం భోజనాలై, అంట్లు తోముకుని, సాయంత్రం దీపం పెట్టేలోగా ఇంటి ఆడవారు చేసిన పనికి మాత్రం ఒకటే పేరు: తీరిక పని. కుట్టు, అల్లిక, పూసల తోరణం, బొంత, ముగ్గు, కొలువు బొమ్మలకు పట్టుగుడ్డ కట్టడం, పాత చీర అంచుతో విసనకర్రకు అంచు వేయడం, ఇవన్నీ ఆ ఒక్క మాటలో అణగిపోయాయి. తీరికగా చేసిన దానికి చరిత్ర ఏముంటుందని లోకం అనుకుంది.

నా మనవి ఏమిటంటే, ఆ పనికి చరిత్ర ఉంది. దానికి సాక్షి కూడా ఉంది. ఆ సాక్షి మరెవరో కాదు, మనమందరం నవ్వుకునే, విసుక్కునే, తలుపు దగ్గరగా వేసి తప్పించుకోజూసే పొరుగింటి ఆరాల అమ్మగారే.

‘ఇరుగుపొరుగు’ అన్న జంటమాటను చూడండి. ఒకరిని విడిచి ఒకరు లేరు. పొరుగింటి పుల్లకూర రుచి అన్న సామెతను మనం అసూయకు ఉదాహరణగా చెప్పి ఊరుకుంటాము. కాని ఆ పుల్లకూర రుచి తెలియాలంటే ముందు ఆ ఇంటి గిన్నె ఈ ఇంటికి రావాలి కదా! గిన్నె వచ్చిందంటే వండిన విధమూ వచ్చినట్టే. చేతిపనులు కూడా అలాగే ప్రయాణం చేశాయి. వాటికి గురుకులం లేదు, పుస్తకం లేదు. అరుగు ఉంది. వీధివైపు తెరుచుకున్న ఆ అరుగు మీద కూర్చుని పని చేసేవారిని దారిన పోయేవారు చూస్తారు, చూసి ఆగుతారు, ఆగి అడుగుతారు. ప్రదర్శనశాల, పాఠశాల, పరీక్షామందిరం, మూడూ ఆ అరుగే.

ముందుగా ముగ్గు సంగతి చెబుతాను, ఎందుకంటే అది అందరి కళ్ల ముందూ పుట్టి, అందరి కాళ్ల కిందా పోయే కళ. ధనుర్మాసంలో తెల్లవారక ముందే వాకిట కళ్లాపి చల్లి ముగ్గు వేసేవారు. పదిహేను చుక్కలు, సందు చుక్కలు, ఎనిమిది వరకు అన్నదాని అర్థం ముగ్గు వేసేవారికి చెప్పనక్కరలేదు. మధ్య వరుసలో 15 చుక్కలు. దాని పైనా కిందా ఒక్కొక్క చుక్క తగ్గిస్తూ, పై రెండు చుక్కల సందున ఒక చుక్క వచ్చేట్టు పెట్టుకుంటూ, 8 దగ్గర ఆపడం. లెక్క వేస్తే 15 వరుసలు, 169 చుక్కలు. అక్షరం ముక్క రాని ముత్తవ్వలు కూడా ఈ లెక్కను ఒక్క వాక్యంలో చెప్పి, మరొకరు విని ఇంటికి పోయి తప్పు లేకుండా వేసేవారు. ఛందస్సులో గణాలు చెప్పి పద్యపాదాన్ని పట్టి ఇచ్చినట్టే కదా ఇది! ‘మీ ముగ్గు ఎన్ని చుక్కలు?’ అన్న పొరుగమ్మ ప్రశ్నే ఈ శాస్త్రానికి ప్రచురణాలయం. ఎదురింటి ముగ్గును కాపీ కొట్టారని సంక్రాంతి నాడు మూతులు ముడిచిన ఇళ్లు నాకు తెలుసు. ఆ కాపీ లేకపోతే ఆ ముగ్గు ఆ మధ్యాహ్నానికే తుడుచుకుపోయి ఉండేది.

ఇంటి చేతిపని మొదటిసారి అచ్చులో చర్చకు వచ్చింది సంస్కరణ ఉద్యమాల కాలంలో. కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1883లో స్త్రీల కోసం ‘సతీహితబోధిని’ నడిపారు. 1902లో భండారు అచ్చమాంబగారు, ఓరుగంటి సుందరీరత్నమాంబగారితో కలిసి మచిలీపట్నంలో బృందావన స్త్రీ సమాజాన్ని స్థాపించారు. 1922లో ఉన్నవ దంపతులు గుంటూరులో శారదానికేతనం పెట్టి స్త్రీలకు చదువుతో పాటు చేతిపనులు నేర్పించారు. 1928లో డాక్టర్ కె.ఎన్. కేసరిగారు మద్రాసు నుంచి ‘గృహలక్ష్మి’ పత్రికను ప్రారంభించారు. ఈ సమాజాల చరిత్ర రాసినవారు సాధారణంగా ఉపన్యాసాలనూ తీర్మానాలనూ చెబుతారు. నాకు కనిపించేది మరొకటి. ఇరుగుపొరుగు అమ్మలు గోడ మీదుగా మాట్లాడుకోవడాన్ని ఒక చావడిలోకి తెచ్చి, చాప పరిచి, దానికి ‘సమాజం’ అని పేరు పెట్టారు. ఆరా అన్నది అప్పుడు విచారణ అయింది. అప్పటివరకు మాట అదుపులేనివారు అనిపించుకున్నవారే సభ్యురాండ్రు అయ్యారు.

అంతలో దేశమే ఇంటి చేతిపని వైపు తిరిగి చూసిన రోజు వచ్చింది. 1921లో మార్చి 31న, ఏప్రిల్ 1న బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు సంఘం సమావేశమయింది. పింగళి వెంకయ్యగారి జెండా ముచ్చటతో ఆ సమావేశాన్ని మనం గుర్తు పెట్టుకున్నాము. అక్కడే మరో మూడు సంకల్పాలు కూడా చేశారు: తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, కాంగ్రెసులో కోటిమంది సభ్యులు, దేశంలో 20 లక్షల రాట్నాలు. నిధిని లెక్క పెట్టవచ్చు, సభ్యులను లెక్క పెట్టవచ్చు. రాట్నం తిరుగుతున్నదా, అటక మీద దుమ్ము పట్టి ఉన్నదా అన్నది ఎవరికి తెలుస్తుంది? పక్కింటివారికే. నూలు వడకడం ఇంటి గుట్టు కాదు, దాని చప్పుడు గోడ దాటి వినిపిస్తుంది. ఇంట్లో కూర్చుని చేసే పనికి దేశగౌరవం దక్కిన ఆ కొద్ది కాలంలో ‘వదినా, ఎంత వడికావు?’ అన్న ప్రశ్న ఆరా కాకుండా పోయింది, ఉద్యమం అయింది. యంత్రాలను నమ్మని గాంధీగారు కుట్టుమిషనును మాత్రం మినహాయించారన్నది కూడా ఇక్కడ గుర్తు చేసుకోవలసిన విషయం. 1924లో యంత్రాల గురించి జరిగిన ఒక సంభాషణలో ఆయన సింగర్ మిషను పేరు ఎత్తి, ఇంటి ఇల్లాలి శ్రమ చూసి కలిగిన ప్రేమలోంచి పుట్టిన యంత్రంగా దాన్ని చూశారు.

1937లో వార్ధా విద్యాపథకం చేతిపనిని బడిచదువుకు నడిబొడ్డున పెట్టింది. దాని చివరి ఛాయలు మా తరం చూసింది. 1960ల చివర మా ప్రాథమిక పాఠశాలలో తకిలీ ఉండేది. మాస్టారు దూది ఏకులు పంచితే మేము దారం తీయబోయి తెంపుకునేవాళ్లం. ‘ఏకు మేకై కూర్చున్నది’ అన్న జాతీయం తరగతిలో చెప్పవలసి వచ్చినప్పుడల్లా నేను పత్తిని చేతిలోకి తీసుకుని ఏకు చేసి చూపేవాణ్ణి. ఏకును చూడని పిల్లలకు ఆ జాతీయం గాలిలో మాటే. తరువాత కొఠారీ కమిషను 1966 నివేదికలో ‘పని అనుభవం’ అన్నది, 1977లో ఈశ్వరభాయ్ పటేల్ సంఘం ‘సమాజోపయోగకర ఉత్పాదక కృత్యం’ అన్నది. పేరు పొడవైన కొద్దీ పీరియడు కురచ అయింది. చివరికి ఆ గంట లెక్కల మాస్టారికో ఇంగ్లీషు మాస్టారికో అప్పగింతల గంట అయింది. బడిలో చేతిపని మూలపడినా వీధిలో మూలపడలేదు. 1970, 80లలో మా ఆడపిల్లలు ప్లాస్టిక్ వైరు బుట్టలు, పూసల బొమ్మలు, ఊలు తోరణాలు, మ్యాటీ గుడ్డ మీద చిలకల జంటలు, ఖాళీ ఇంజెక్షన్ సీసాలతో అలంకారాలు, పాత శుభలేఖలతో పూలబుట్టలు చేసేవారు. వాటిని ఏ ఉపాధ్యాయుడూ నేర్పలేదు. వైరు బుట్టకు మొదటి ముడి ఎలా వేయాలో నేర్పినది పక్కవాటా అక్కయ్యే.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మాది పశ్చిమగోదావరి జిల్లా, నరసాపురం చుట్టుపక్కల ఊరు. ఆ పేరు చెప్పగానే తెలిసినవారికి లేసు గుర్తుకు వస్తుంది. పంతొమ్మిదో శతాబ్దంలో గోదావరి ప్రాంతానికి వచ్చిన క్రైస్తవ మిషనరీలు, వారి ఇంటి ఆడవారు, ఇక్కడి స్త్రీలకు ఈ అల్లికను నేర్పారు. మొదట క్రైస్తవంలో చేరిన పేద కుటుంబాల స్త్రీలు నేర్చుకున్నారు. వారి నుంచి ఇతర కులాల ఇళ్లలోకి పాకింది. ముఖ్యంగా, ఆడవారు గడప దాటి పొలం పనికి పోవడం పరువు తక్కువ అనుకునే వ్యవసాయ కుటుంబాలలో అది వేళ్లూనుకుంది. చిన్న కొక్కెం ఉన్న సూది, తెల్లని నూలు, ఒక జత చేతులు, ఇంతకంటే పెట్టుబడి లేదు. మగ్గం పెట్టడానికి చోటు కావాలి. దీనికి ఒడి చాలు.

ఈ పని జరిగే తీరు తెలియనివారికి నాలుగు మాటలు. వ్యాపారి నూలు కొని మధ్యవర్తికి ఇస్తాడు. మధ్యవర్తి ఇల్లిల్లూ తిరిగి నూలు పంచుతాడు, నమూనా చూపుతాడు. అల్లే ఆమె పువ్వులు మాత్రమే అల్లుతుంది. ఆ పువ్వులను కలిపి అతికేది మరొక ఇంటి ఆమె. మేజా గుడ్డగానో, దుప్పటిగానో పూర్తి అయిన వస్తువు ఎలా ఉంటుందో, ఏ దేశంలో ఎవరి బల్ల మీద పరుచుకుంటుందో, పువ్వు అల్లిన ఆమెకు తెలియదు. కూలి గంటకు కాదు, అల్లినదానికి. మా అమ్మ కూడా లేసు అల్లేది. ఆమె జీవితకాలంలో ఎన్ని వేల పువ్వులు అల్లిందో కాని, మా ఇంట్లో ఆమె అల్లిన లేసు గుడ్డ ఒక్కటి కూడా మిగలలేదు. మిగలడానికి అది మాది కాదు కదా.

మా పక్కింటి మామ్మగారు మధ్యాహ్నం రెండింటికి వచ్చి, పిలవకుండానే పీట లాక్కుని కూర్చునేవారు. మా అమ్మ తలెత్తకుండానే “రండి మామ్మగారూ” అనేది. ఇక ఆరా మొదలు. ఏం చేస్తున్నావే అమ్మాయీ? ఈ కొత్త పువ్వు ఎవరు నేర్పారు? నూలు ఎవరు తెచ్చి ఇచ్చారు? ఎన్నాళ్లు పడుతుంది? ఎవరికి ఇస్తావు? ఎంతిస్తాడు? ఆ డబ్బు నీ చేతికి వస్తుందా, మీ ఆయన చేతికి పోతుందా? సరిగా ఏడు ప్రశ్నలు. ఏ రోజూ ఒక్కటి తగ్గేది కాదు. నాకప్పుడు పన్నెండేళ్లు, ఆవిడ వచ్చారంటే పుస్తకం పట్టుకుని పెరట్లోకి పోయేవాణ్ణి.

ఆ ప్రశ్నల విలువ పెద్దవాణ్ణయ్యాక తెలిసింది. మరియా మీస్ అన్న జర్మన్ సమాజశాస్త్రవేత్త 1970ల చివర నరసాపురం ప్రాంతానికి వచ్చి, లేసు అల్లే స్త్రీలతో మాట్లాడి, 1982లో ఇంగ్లీషులో ఒక పుస్తకం ప్రచురించారు. ‘నరసాపురం లేసు అల్లేవారు’ అన్నది దాని పేరుకు తెలుగు. ఈవిడ 2023లో కన్నుమూశారు. ఆ పుస్తకంలో చెప్పిన ముఖ్య విషయం ఇది. ఈ స్త్రీలు ప్రపంచ విపణి కోసం రోజులో చాలా గంటలు పని చేస్తున్నారు. అయినా ఇంటి మగవారు, వ్యాపారులు, అధికారులు వారిని కార్మికులు అనరు, గృహిణులు అంటారు. గృహిణి తీరిక వేళలో చేసుకునే పనికి పెద్ద కూలి ఎందుకని వ్యాపారం అడుగుతుంది. గృహిణి అన్న ఒక్క మాట అడ్డు పెట్టుకుని కూలిని అట్టడుగున ఉంచవచ్చు. పని పెరిగిన కొద్దీ వ్యాపారంలో మగవారు పైకి పోయారు, అల్లేవారు అల్లుతున్నచోటనే ఉండిపోయారు. దేశదేశాల విద్యార్థులు చదివే ఈ పుస్తకం మా పక్క ఊళ్ల సంగతి. మా ఊళ్లలో దాని పేరు విన్నవారు బహు కొద్దిమంది. మామ్మగారి ఏడు ప్రశ్నలనూ ఆ పుస్తకం పక్కన పెట్టి చూడండి. నైపుణ్యం ఎక్కడిది, ముడిసరుకు ఎవరిది, శ్రమకాలం ఎంత, విపణి ఏది, కూలి ఎంత, ఆదాయం మీద హక్కు ఎవరిది? అర్థశాస్త్రం అడిగే ప్రశ్నలు ఇవే. మామ్మగారు పీట మీద కూర్చుని అడిగారు, అంతే తేడా.

ఇక్కడ ఒక పక్షమే చెప్పి ఊరుకోవడం న్యాయం కాదు. పొరుగమ్మ నోటికి రెండో అంచు ఉంది. ఆడది పొలానికి పోతే, పాకలో పదిమందితో కలిసి పని చేస్తే ‘ఇరుగుపొరుగు ఏమనుకుంటారు’ అన్న భయమే ఆమెను ఇంట్లో కూర్చోబెట్టింది. గడప దాటని పరువు కోసమే తక్కువ కూలికి ఒప్పుకున్నారు. ఆ పరువుకు కాపలా కాసినది పొరుగింటి కళ్లే. ఎవరి కోడలు మధ్యవర్తితో రెండు మాటలు ఎక్కువ మాట్లాడింది, ఎవరి కూతురు అమ్మకానికి స్వయంగా ఊళ్లోకి పోయింది అన్న కథలు కూడా ఆ పీటల మీదనే పుట్టాయి. అణా పైసలతో సహా కూలి ఎంతో తెలుసుకుని, సాయంత్రానికి ఆ సంగతి ఇంటి మగవాడి చెవిన వేసి, డబ్బు కాస్తా అతని జేబులోకి పోయేట్టు చేసినవారూ ఉన్నారు. అందుకే మా వైపు ఆడవారు అల్లిక డబ్బును పోపులపెట్టెలోనో, బియ్యం డబ్బాలోనో దాచేవారు. బంధించిన కళ్లూ, సాక్ష్యం చెప్పిన కళ్లూ ఒక్కటే కావడం ఈ కథలోని చిక్కు. ఆ చిక్కును విప్పకుండా మామ్మగారికి దండ వేయడం నాకు ఇష్టం లేదు.

కాని, సాక్ష్యం అవసరమైనచోట మరెవరు నిలబడ్డారు? ప్రభుత్వపు లెక్కలు చూద్దాం. 1971 జనగణనలో ప్రతి వ్యక్తినీ ముందుగా ‘మీ ముఖ్యమైన వ్యాపకం ఏమిటి’ అన్న ధోరణిలో అడిగారు. ఇంటిపని చేస్తూ మరొక పని కూడా చేసే స్త్రీ ఆ ప్రశ్నకు ఏమి చెబుతుంది? ఇంటి మగవాడు ఏమి చెబుతాడు? ‘ఇంటిపని’ అనే. రెండో పనిని రాయడానికి వేరే గడి ఉన్నా, శ్రామికుల మొత్తం లెక్కలోకి అది ఎక్కలేదు. 1961తో పోలిస్తే 1971లో దేశంలో శ్రామిక స్త్రీల సంఖ్య బాగా పడిపోయింది. పదేళ్లలో ఆడవారు పని మానివేశారని ఎవరూ అనలేరు. అడిగిన తీరు, నిర్వచనం మారాయి. మా అమ్మ ఆ లెక్కలో శ్రామికురాలు కాదు. ఆ ఏడాది కూడా ఆమె సూది ఆగలేదు.

జనగణనకు ఇల్లిల్లూ తిరిగేది ఎక్కువగా మా ఉపాధ్యాయులమే. 1991లోనూ, 2001లోనూ నేను ఆ విధికి వెళ్లాను. 1991 పత్రంలో ప్రశ్న బాగుపడింది. గత సంవత్సరంలో ఎప్పుడైనా, ఏమైనా పని చేశారా, జీతం లేకుండా కుటుంబ పొలంలోనో కుటుంబ వ్యాపారంలోనో చేసిన పని కూడా కలిపి, అని అడగమన్నారు. 183 రోజులు, అంతకు మించి చేసినవారు పూర్తికాలపు శ్రామికులు, అంతకు లోపు అయితే ఉపాంత శ్రామికులు. ఇంటి వద్ద చేసే పరిశ్రమకు ప్రత్యేక వర్గం కూడా ఉంది.

ఆ సంవత్సరం ఒక ఇంటి వాకిట జరిగినది చెబుతాను. ఊరి పేరు, మనుషుల పేర్లు వద్దు. ఇంటాయన కుర్చీలో కూర్చుని అన్నిటికీ తానే జవాబులు చెబుతున్నాడు. ఆయన వెనుక గుమ్మంలో ఆయన భార్య లేసు అల్లుతూ ఉంది. ఆమె పని దగ్గరికి వచ్చేసరికి, “ఆమె ఏం చేస్తుందండీ, ఖాళీగా ఇంట్లోనే ఉంటుంది” అన్నాడు. నేను ప్రశ్నను పత్రంలో ఉన్నట్టే మరోసారి చదివాను. ఆమె సూది ఆపి ఆయన వైపు చూసింది, ఏమీ అనలేదు. అంతలో పిట్టగోడ అవతలి నుంచి ఒక గొంతు లేచింది.

“ఖాళీ ఏమిటి అన్నయ్యా! తెల్లారుజామున దీపం పెట్టుకుని మరీ అల్లుతుంది. మొన్న దసరాకు మీ అబ్బాయి చొక్కా దానితోనే కదా కొన్నారు? రాసుకోండి మాస్టారూ, పండగ రోజులు, పురిటి రోజులు తీసేస్తే ఏడాది పొడుగునా అల్లుతుంది. మొదటి తారీఖున నూలు వస్తుంది, పదిహేనుకు పట్టుకుపోతారు. నేను చూడలేదూ?”

ఇంటాయన ముఖం చిన్నబుచ్చుకున్నాడు. పొరుగావిడ మాట పట్టుకుని రాయకూడదు కనుక నేను గుమ్మంలో ఉన్న ఆమెనే అడిగాను. ఆమె తల వంచుకుని, “నిజమేనండీ. ఏడాదిలో ఎనిమిది తొమ్మిది నెలలు అల్లుతాను” అన్నది. ఎనిమిది నెలలు అంటే 183 రోజులకు పైమాటే. గృహపరిశ్రమలో పూర్తికాలపు శ్రామికురాలు అని రాశాను. ఆ పత్రం మీద ఒక గడిలో ఒక అంకె మారింది, అంతే. కాని 1991 భారతదేశపు లెక్కలో ఆ ఒక్క అంకె ఒక పొరుగింటి ఆడమనిషి ఆరా తీసిన పుణ్యం. ఆరోజు ఆమె గోడ అవతల లేకపోతే, గుమ్మంలోని ఆమె నోరు విప్పేదన్న నమ్మకం నాకు లేదు.

ఇంకొక ముచ్చట. 2019లో జాతీయ గణాంక కార్యాలయం దేశమంతటా మొదటిసారి ‘కాలవినియోగ సర్వే’ జరిపింది. 2024లో మరోసారి జరిపింది. ముందురోజు తెల్లవారుజాము నాలుగు గంటల నుంచి ఈరోజు నాలుగు గంటల వరకు, ప్రతి అరగంటా ఏమి చేశారో అడిగి రాసుకోవడం దాని పద్ధతి. ఆ ప్రశ్నపత్రం గురించి చదివినప్పుడు నాకు నవ్వు ఆగలేదు. ఎప్పుడు లేచావు, లేచి ఏం చేశావు, ఆ తరువాత ఏం చేశావు అని వరసపెట్టి అడగడం మా మామ్మగారి నిత్యకృత్యం కదా! యాభై ఏళ్ల తరువాత ప్రభుత్వం ఆవిడ పీట మీద కూర్చున్నది. ఆలస్యమైనా కూర్చున్నందుకు సంతోషమే.

నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. రుస్తుంబాదలో లేసు పార్కు ఉంది. ఊరి పేరుకు చట్టరక్షణ దొరికింది, మంచిదే. యంత్రాల మీద తయారయ్యే లేసుతో పోటీ పడవలసిన చేతిపనికి ఆ పేరు కొంత బలం ఇస్తుంది. అయితే, పేరు ఊరికి వచ్చినంత తేలికగా కూలి చేతికి రాదు. ఆ రెండింటి మధ్య దూరాన్ని కొలవాలంటే మళ్లీ ఆ ఏడు ప్రశ్నలే అడగాలి, అల్లే ఆమె నోటితోనే జవాబు చెప్పించాలి.

ఇప్పుడు మన ఇళ్లకు అరుగులు లేవు. తలుపుకు చిన్న అద్దపు కన్ను పెట్టుకుని, వచ్చినవారిని లోపలి నుంచి మనమే ఆరా తీస్తున్నాము. చేతిపనులు పోలేదు, ఫోనులో చూసి నేర్చుకునేవారు ఎందరో ఉన్నారు, మా మనుమరాలు అలాగే క్రోషే నేర్చుకుంది. చక్కగా అల్లుతుంది. కాని ‘ఎన్నాళ్లు పట్టింది, ఎవరికి ఇస్తావు, ఎంతిస్తారు’ అని ఫోను దాన్ని అడగదు. దాని చేతిపని మీద నాలుగు ప్రశంసలు కురుస్తాయి, ఒక్క ప్రశ్న రాదు. పొగడ్త కన్నా ప్రశ్న మర్యాద అయినది. నీ పని నిజంగా పని అని ఒప్పుకున్నవారే దాని కూలి సంగతి అడుగుతారు.

2021లో జరగవలసిన జనగణన వాయిదా పడింది. 2027 మార్చి 1వ తేదీని ప్రామాణికంగా తీసుకుని జరుపుతామని ప్రభుత్వం 2025లో ప్రకటించింది. ఈసారి పలకల మీద కాగితాలకు బదులు చేతిలో ఫోన్లు ఉంటాయట. పరికరం ఏదైనా, గుమ్మం ముందు నిలబడే మాస్టారికి ఇంటాయన చెప్పే జవాబు మారుతుందని నేను అనుకోను. కనుక మిత్రులందరికీ నా విన్నపం ఒకటే. మీ ఇంటి ఆడవారు ఏమి కుట్టారు, ఏమి అల్లారు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఎంత సంపాదించారు, దానితో ఏమి కొన్నారు అన్నది వారు జీవించి ఉండగానే అడిగి రాయండి. మీ తరంలో ఆ ఏడు ప్రశ్నలకు జవాబు చెప్పగలవారు ఇంకా కొద్దిమంది ఉన్నారు. ఆ గణకుడు వచ్చిన రోజున పక్కింటి ఇల్లాలిని ఎవరైనా ‘ఖాళీగా ఉంటుంది’ అంటే, పిట్టగోడ దగ్గరికి రండి, ఆమె పక్కన నిలబడండి. మర్యాద కాదేమో అని సంకోచించకండి. ఈ ఒక్క పనికి ఆరా తీయడమే మర్యాద.

ఉంటాను.